తాళిలో పగడానికి చుట్టం: మన్నారు సముద్రంలోని మెత్తని పగడం

మన తెలుగు ఇళ్లలో చాలామంది ఆడవాళ్ల తాళిలోనో, నల్లపూసల్లోనో ఎర్రటి పగడం ఉంటుంది. తమిళులు దాన్నే పవళం అంటారు. ధర్మపురికి సముద్రం దూరం కాబట్టి మనలో చాలామంది దాన్ని రాయి అనుకుంటారు. అది రాయి కాదు, సముద్రంలో పెరిగే ప్రాణి ఎముక లాంటిది.

పగడపు జీవుల్లో ముఖ్యంగా రెండు తెగలున్నాయి. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా మన్నారు సింధుశాఖలోని 21 దీవుల చుట్టూ దిబ్బలు కట్టేవి రాతి పగడాలు. వాటి నోటి చుట్టూ ఉండే చేతులు ఆరు, లేదా ఆరు ఎక్కాలలో ఉంటాయి. రెండో తెగకు సరిగ్గా ఎనిమిది చేతులు, ఒక్కొక్కటి ఈకలా అంచు చీలి ఉంటుంది. మెత్తని పగడాలు ఈ తెగవే. మన తాళిలోని ఎర్ర పగడమూ ఈ తెగదే.

మెత్తని పగడానికి రాతి గూడు ఉండదు. తోలులాంటి కండలో సన్నని సున్నపు ముళ్లు చెల్లాచెదురుగా ఉంటాయి, అందుకే అది నీటి వాలుకు ఊగుతుంది. ఎర్ర పగడంలో ఆ ముళ్లే ఒకదానికొకటి అతుక్కుని గట్టి కొమ్మ అవుతాయి.

మన్నారులో సార్కోఫైటాన్, సైనులేరియా అనే మెత్తని పగడాలున్నాయి. సార్కోఫైటాన్ పుట్టగొడుగులా ఉంటుంది. ఎండ తగిలే లోతు తక్కువ నీళ్లలో బండను పట్టుకుని పెరుగుతుంది. దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది. నీరు మరీ వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో, 2016లో మన్నారులో పగడాలు అలాగే తెల్లబడ్డాయి.

ఎర్ర పగడానికి ఆ నాచు లేదు. మధ్యధరా సముద్రంలో వెలుగు తక్కువగా ఉండే గుహల్లో, లోతు బండల మీద పెరుగుతుంది. పాతకాలంలో అక్కడినుంచి ఓడల్లో మద్రాసుకు వచ్చేది. జార్జిటౌనులో పవళక్కార వీధికి ఆ పేరు ఆ వ్యాపారం వల్లనే. ఆ కొమ్మ ఏడాదికి అర మిల్లీమీటరు కూడా లావెక్కదు. అంటే చిన్న పూస వెనక కూడా పదేళ్ల పెరుగుదల ఉంది.

అందుకే పెద్దలిచ్చిన పగడాలను జాగ్రత్తగా దాచుకుందాం. రామేశ్వరం యాత్రకు వెళ్లినప్పుడు మాత్రం పగడపు ముక్కలు ఏరవద్దు, కొనవద్దు. రాతి పగడాలకు, సముద్రపు విసనకర్రలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి ఉన్నంత రక్షణ ఉంది.