కన్ను చూసి కిడ్నీ సంగతి

తల్లి కడుపులో బిడ్డకు కిడ్నీలు తయారయ్యేది ఒక్కసారి కాదు, మూడుసార్లు! నాలుగో వారంలో వచ్చే మొదటి జత ఏ పనీ చేయకుండానే పోతుంది. రెండో జత కొన్నాళ్లు పనిచేసి కరిగిపోతుంది. మగబిడ్డల్లో దాని నాళం మాత్రం మిగిలి, తర్వాత వీర్యకణాలకు దారి అవుతుంది. అయిదో వారంలో మొదలయ్యే మూడో జతే జీవితాంతం మనకు పనిచేసేది. అదీ పొత్తికడుపు అడుగున పుట్టి, తొమ్మిదో వారానికల్లా పైకి జరిగి తన చోట కుదురుకుంటుంది.

ఇంత పనినీ నడిపించేవి నియంత్రక జన్యువులు. ఇవి మేస్త్రీల్లాంటివి. ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగాలో, ఎప్పుడు ఆగాలో చెబుతాయి.

కిడ్నీ పుట్టాలంటే రెండు కణజాలాలు కలవాలి. మూత్రనాళం కాబోయే మొగ్గ ఒకటి, దాని చుట్టూ చేరే కణాల ముద్ద ఇంకొకటి. 1950లలో క్లిఫర్డ్ గ్రోబ్‌స్టీన్ అనే శాస్త్రవేత్త ఎలుక పిండాల్లో ఈ రెంటినీ విడదీసి చూశారు. మొగ్గ తోడు లేని ముద్దలో ఒక్క నాళిక కూడా ఏర్పడలేదు. మళ్లీ దగ్గర చేర్చగానే పని మొదలైంది. ఆ ముద్ద జీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను విడుదల చేసి మొగ్గను తనవైపు రప్పించుకుంటుందనీ, మొగ్గ మీది ‘రెట్’ గ్రాహకం ఆ కబురు అందుకుంటుందనీ 1990లలో తేలింది.

1899లో జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పసిపిల్లల కిడ్నీ కంతుల మీద ఒక గ్రంథం వెలువరించారు. వాటికి ఆయన పేరే నిలిచిపోయింది. ఆ కంతుల వెనకున్న డబ్ల్యూటీ1 జన్యువు 1990లో దొరికింది. 1993లో దాన్ని తొలగించిన ఎలుక పిండాలకు అసలు కిడ్నీలే ఏర్పడలేదు. కిడ్నీని కట్టే జన్యువే, చెడితే కిడ్నీకి క్యాన్సర్ తెస్తుందన్నమాట! అన్ని విల్మ్స్ కంతులకూ ఇదే కారణం కాదు, కొన్నింటికే. తొలిదశలో పట్టుకుంటే పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలకు నయమవుతుంది. ఈ జన్యువు పని పుట్టుకతో ముగియదు. రక్తాన్ని వడగట్టే కణాల్లో బతికినంతకాలం పనిచేస్తూనే ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది కన్నుకూ కిడ్నీకీ ఉన్న సంబంధం. కంటిని తయారుచేసే పాక్స్6 జన్యువు, డబ్ల్యూటీ1 పదకొండో క్రోమోజోమ్ మీద ఇరుగుపొరుగు. ఆ ముక్క ఊడిపోతే రెండూ పోతాయి. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర లేకుండా పుట్టిన బిడ్డకు డాక్టర్లు కిడ్నీ స్కానింగ్ చేయించేది అందుకే. పాక్స్2 చెడితే కంటి నరమూ కిడ్నీలూ కలిసే దెబ్బతింటాయి. ఈయా1 చెడితే చెవి దగ్గర చిన్న గుంట, వినికిడి లోపం, వాటితోపాటు కిడ్నీ లోపం. ఎల్ఎంఎక్స్1బీ అయితే గోళ్లు, మోకాలి చిప్ప, కిడ్నీ.

హెచ్ఎన్ఎఫ్1బీ తేడా చేస్తే కిడ్నీలో నీటితిత్తులు, చిన్న వయసులోనే షుగరు. ఈ లోపం చాలామందిలో తల్లిదండ్రుల నుంచి రాదు, కొత్తగా పుడుతుంది. అందుకే ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అన్నది ధీమాకు చాలదు.

ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సూక్ష్మ భాగాలైన నెఫ్రాన్లు సగటున పది లక్షలు. కొందరిలో రెండు లక్షలే, ఇంకొందరిలో పాతిక లక్షలు. సిక్స్2 అనే జన్యువు నెఫ్రాన్లుగా మారే మూలకణాలను త్వరగా అయిపోకుండా కాపాడుతుంది. అది లేని ఎలుకల్లో ఆ కణాలన్నీ ముందే ఖర్చయి, కిడ్నీ కురచగా మిగిలింది. మనిషికి దాదాపు 36వ వారంతో నెఫ్రాన్ల తయారీ ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని పోయినా కొత్తది ఒక్కటీ రాదు. తక్కువ బరువుతో పుట్టినవారికి నెఫ్రాన్లు తక్కువగా ఉండి, పెద్దయ్యాక బీపీ రావచ్చని కిడ్నీ నిపుణుడు బారీ బ్రెన్నర్ బృందం ప్రతిపాదించింది.

2015లో ఆస్ట్రేలియాలో మెలిస్సా లిటిల్ బృందం ఈ జన్యువుల వరసనే అనుసరించి, మూలకణాల నుంచి ప్రయోగశాలలో బుల్లి కిడ్నీ కణజాలాన్ని పెంచింది. రోగికి అమర్చే స్థాయి ఇంకా రాలేదు.

మీ ఇంట్లో నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డ ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ఏటా బీపీ చూపించండి. పుట్టుకతో కంటిలోనో చెవి దగ్గరో గోళ్లలోనో తేడా కనిపిస్తే, కిడ్నీల స్కానింగ్ అవసరమేమో అడగండి.