కటకం కొనే ముందు

డిజిటల్ కెమేరాతోబాటు వచ్చే 18-55 మిల్లీమీటర్ల జూమ్ కటకం పగటిపూట మన తొప్పూరు కనుమను చక్కగానే పట్టి ఇస్తుంది. చిక్కల్లా సాయంకాలం ఇంట్లో, దీపం ముందు కూర్చున్న అమ్మమ్మగారి ముఖంతోనే. 55 వద్ద దాని ద్వారం ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. ఎఫ్ 2.8 కటకమైతే నాలుగింతల వెలుతురు వస్తుంది. సెకనులో 15వ వంతు పట్టే ఫోటో 60వ వంతులో ముగుస్తుంది. ఆమె కాస్త తల కదిపినా బొమ్మ అలుక్కుపోయే భయం తగ్గుతుంది.

2006లో వచ్చిన టామ్రాన్ 17-50 వంటిది వాడినది కొంటే ఖర్చు కలిసివస్తుంది. మీ కెమేరాకు అమరుతుందా, అద్దాల్లో బూజు ఉందా అన్నది మాత్రం చూసుకోవాలి. అదీ శక్తికి మించితే, ఉన్న కటకంతోనే పగలు ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. కటకం కోసమని ఆ ఫోటోను వాయిదా వేయకండి.