రొంప రోజుల్లో ఇంటి జాగ్రత్తలు

కార్తీకం వచ్చిందంటే మా ద్రాక్షారామంలో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. సప్తగోదావరి గుండంలో మునిగి, భీమేశ్వరుణ్ణీ మాణిక్యాంబనూ దర్శించుకునే జనంతో పాటు తుమ్ములూ వస్తాయి. చన్నీళ్ల వల్లే రొంప పట్టిందంటారు. కానీ చలి ఒక్కటే రొంప తేలేదు, వైరస్ ఉండాలి. అలాంటివి 200కు పైగా ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది రైనోవైరస్. చలికి తలుపులు బిగించుకుని అందరం ఒక్క గదిలో చేరతాం కదా, తుంపర్లతో, చేతులతో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది.

అందుకే మా ఇంట్లో గుడి నుంచి వచ్చినా, బడి నుంచి వచ్చినా ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకోవాల్సిందే. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ కూడా. కడగని చేత్తో ముక్కు, కళ్లు ముట్టుకోవద్దని మనవలకు పదేపదే చెబుతాను. తుమ్మొస్తే మోచేయి మడిచి అడ్డం పెట్టాలి. రొంప పట్టినవారికి తువ్వాలు, గ్లాసు వేరు. పగలు కాసేపు కిటికీలు తెరవాలి.

రొంప పట్టాక కావాల్సింది విశ్రాంతి. వేడివేడి మిరియాల చారన్నం, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం గొంతుకు హాయినిస్తాయి. రాత్రి దగ్గుకు చెంచాడు తేనె మంచిదే, ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం నాకించకండి. మరిగే గిన్నె మీద పిల్లల్ని వంచి ఆవిరి పట్టకండి, ఒళ్లు కాలుతుంది. యాంటీబయాటిక్‌ వైరస్‌ను చంపదు, మందుల షాపులో అడిగి కొనకండి.

మామూలు రొంప వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఆయాసం, ఛాతీ నొప్పి, మూడు రోజులు దాటిన జ్వరం ఉన్నా, పసిబిడ్డ పాలు తాగకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.