గుండెకు ఏ వైన్ మంచిదండీ?

వైన్ అంటే ఇష్టమని, దొరికిన మామూలు సీసాలను శ్రద్ధగా రుచి చూస్తానని పదిమందికీ తెలిశాక నాకు ఎదురవుతున్న ప్రశ్న ఒక్కటే: "గుండెకు ఏ వైన్ మంచిదండీ?" ఏది రుచిగా ఉంటుందని ఎవరూ అడగరు. మా కాలనీలో రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బీరు కూడా ముట్టలేదు. స్టెంటు వేశాక మొదలుపెట్టారు. రాత్రి భోజనానికి ముందు స్టీలు గ్లాసు నిండా రెడ్ వైన్ పోసుకుని కషాయంలా ఒక్క గుక్కలో మింగుతారు. పక్కనే బీపీ మాత్ర, షుగర్ మాత్ర. దీనికి ప్రిస్క్రిప్షన్ రాసింది డాక్టరు కాదు, వాట్సాప్ మెసేజీ. "చేదుగా ఉంది, అంటే పనిచేస్తోందన్నమాట" అన్నారు నాతో. ఆ మాట విన్నాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు లెక్క చూద్దాం. మన దగ్గర దొరికే రెడ్ వైన్‌లో ఆల్కహాల్ మామూలుగా 12 నుంచి 14 శాతం, విస్కీలో 42.8 శాతం. అందుకే వైన్ తేలిక అనుకుంటారు. విస్కీని కొలిచి పోస్తారు, వైన్‌ని మాత్రం గ్లాసు నింపుతారన్న సంగతి మర్చిపోతారు. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్లు పోస్తే అందులో 19.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల స్మాల్ పెగ్గు విస్కీలో ఉండేది దాదాపు 13. అంటే పద్ధతిగా పోసిన ఒక్క వైన్ గ్లాసు ఒకటిన్నర స్మాల్‌తో సమానం. ఇంట్లో మంచినీళ్ళు తాగే గ్లాసుకి 200 పోస్తే అది లార్జే. 750 మిల్లీలీటర్ల సీసా మొత్తంలో 97 మిల్లీలీటర్ల పైచిలుకు ఆల్కహాల్ ఉంటే, విస్కీ క్వార్టర్‌లో 77 ఉంటుంది. రోజూ రాత్రి లార్జ్ వేసే అల్లుణ్ణి చూసి బెంగపడే ఇంట్లోనే మామగారి వైన్ గ్లాసుని అత్తగారు స్వయంగా తెచ్చి అందిస్తారు. కాలేయానికి ఈ తేడా తెలియదు.

రెడ్ వైన్ గుండెకు మంచిదన్న ఈ పుకారు ఎక్కడ ఊపందుకుందో అందరికీ తెలిసిందే. 1991 నవంబరులో అమెరికాలో సీబీఎస్ టీవీ '60 మినిట్స్' కార్యక్రమం ఒక చిక్కుప్రశ్న వేసింది. ఫ్రెంచివాళ్ళు వెన్నా, చీజూ దండిగా తింటున్నా వాళ్ళలో గుండెజబ్బు చావులు ఎందుకు తక్కువ? రెడ్ వైన్ కారణం కావచ్చన్నాడు సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. ఆ తర్వాత అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు ఎగబాకాయి, మాట ప్రపంచమంతా పాకింది. అదే 1991 జనవరిలో ఫ్రాన్స్ ఏం చేసిందో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. మద్యం ప్రకటనలకు కళ్ళెం వేస్తూ ఎవిన్ చట్టం తెచ్చింది, ప్రకటనల్లో ఆరోగ్య హెచ్చరిక ఉండి తీరాలంది. వైన్‌ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దేశం దాన్ని మందుగా ఎంచలేదు.

ఆ ఫ్రెంచి లెక్కలోనూ లొసుగులు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో గుండెజబ్బు చావుల్లో కొంత భాగం మరణ ధ్రువపత్రాల్లో వేరే కారణాల కింద నమోదైందని 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ఎత్తిచూపింది. 1960లలో తాగిన దానిలో సగం కూడా ఇప్పుడు ఫ్రెంచివాళ్ళు తాగడం లేదు. వైన్ గుండెను కాపాడుతుంటే ఈ అరవై ఏళ్ళలో అక్కడ గుండెజబ్బు చావులు పెరగాలి. అవి తగ్గాయి.

ఇంత చెప్పాక "మరి రెస్వెరాట్రాల్?" అంటారు. నల్ల ద్రాక్ష తొక్కలో ఉండే ఈ పదార్థాన్ని 2006లో కొవ్వు మేత మేసే ఎలుకలకు ఇస్తే వాటి ఆరోగ్యం మెరుగైన మాట నిజమే. వాటికి ఇచ్చిన మోతాదు కిలో బరువుకు రోజుకు 22 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి ఆ లెక్కన 1,300 మిల్లీగ్రాములు దాటాలి. లీటరు రెడ్ వైన్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. రోజుకు వందల లీటర్లు తాగగలిగినవాళ్ళే ఆ వాదన చేయాలి. ఇటలీలో కియాంటి ప్రాంతపు వృద్ధులు 783 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. మూత్రంలో రెస్వెరాట్రాల్ ఆనవాళ్ళు ఎక్కువున్నవాళ్ళకీ తక్కువున్నవాళ్ళకీ గుండెజబ్బులోగానీ, క్యాన్సర్‌లోగానీ, ఆయుష్షులోగానీ తేడా కనిపించలేదు. రెస్వెరాట్రాల్ గొప్పదనం మీద పుంఖానుపుంఖాలుగా రాసిన దీపక్ దాస్ అనే పరిశోధకుడు సమాచారాన్ని కల్పించాడని కనెక్టికట్ విశ్వవిద్యాలయం 2012లో తేల్చింది. ఆ పదార్థమే కావాలనుకుంటే గుప్పెడు వేరుశనగ గుళ్ళు తొక్కతో నమలండి, వాటిలోనూ ఉంటుంది.

"కొద్దిగా తాగేవాళ్ళు అసలు తాగనివాళ్ళకంటే ఎక్కువ కాలం బతికారని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి కదా?" చెప్పాయి. ఆ "తాగనివాళ్ళ" జాబితాలో ఎవరున్నారో చూడాలి. తాగి తాగి జబ్బుపడి డాక్టరు మాన్పించినవాళ్ళు, మొదటినుంచీ అనారోగ్యంతో మద్యం జోలికి పోలేనివాళ్ళు అందులో చేరారు. రోజూ ఒక గ్లాసు వైన్‌తో ఆగేవాళ్ళలో చాలామంది డబ్బున్నవాళ్ళు, కూరగాయలు తినేవాళ్ళు, నడకకు వెళ్ళేవాళ్ళు. పేరు మాత్రం గ్లాసుకి వచ్చింది. ఈ చిక్కు తప్పించడానికి చైనాలో లక్షన్నరకు పైగా మనుషుల జన్యువులు చూశారు. అక్కడ చాలామందికి మద్యం సరిపడని జన్యులక్షణం పుట్టుకతోనే ఉంటుంది, అందువల్ల తక్కువ తాగుతారు. 2019లో లాన్సెట్‌లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మద్యం పెరిగేకొద్దీ బీపీ, పక్షవాతం ముప్పు పెరుగుతూనే పోయాయి. కొద్దిగా తాగితే రక్షణ అన్న మెట్టు ఎక్కడా తగల్లేదు. ఏ కొంచెమైనా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో కుండబద్దలు కొట్టింది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. రొమ్ము క్యాన్సర్ ముప్పు తక్కువ మోతాదుల్లోనే మొదలవుతుంది. "ఆడవాళ్ళకు చర్మం మెరుస్తుంది" అని వైన్ అంటగట్టేవాళ్ళు ఈ ఒక్క వాక్యం మళ్ళీ చదవండి.

మా పెద్దమనిషి విషయానికొద్దాం. మద్యం బీపీని పెంచుతుంది. గుండె లయ తప్పిస్తుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని ఖాళీ కడుపున తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు అతిగా తాగితే లాక్టిక్ యాసిడోసిస్ ముప్పు ఉంది. ఇక గర్భిణులకు ఒక చుక్క కూడా వద్దు, పిల్లలకు జలుబు చేస్తే బ్రాందీ చుక్కలూ వద్దు. వీటి మీద చర్చకు నేను సిద్ధంగా లేను.

ఆయన మందు అనుకున్న ఆ చేదు ఏమిటో కూడా చెప్పాలి. అది ఎక్కువగా వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక పిడచకట్టి, చిగుళ్ళు బిగుసుకున్నట్టుంటుందే, అదే. తొక్క, గింజల్లోంచి దిగే ట్యానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోట్లో జారుడు పోయి గరుకుదనం వస్తుంది. ఎక్కువ వగరుంటే ఎక్కువ ఔషధం అని ఎక్కడా లేదు. ద్రాక్షని తొక్కతో కలిపి పులియబెడితే రంగూ, వగరూ దిగి రెడ్ అవుతుంది. ముందే రసం పిండి తొక్క తీసేసి పులియబెడితే వైట్ అవుతుంది. నల్ల ద్రాక్షల్లో చాలావాటికి లోపలి రసం తెల్లనిదే.

ఈ గుండె పిచ్చి వల్ల వైట్ వైన్‌ని మనవాళ్ళు చేత్తో ముట్టుకోరు. "అందులో బలం లేదు కదా" అంటారు. నాకు అసలు బాధ ఇక్కడే. మన ఎండకీ, మన తిండికీ తగిన మామూలు సీసాలు వైట్‌లోనే ఎక్కువున్నాయి. నాసిక్ సోవిన్యాన్ బ్లాంక్ చల్లగా పోసి ముక్కు దగ్గర పెట్టుకోండి. పచ్చి క్యాప్సికం కోసిన వాసన ముందు కొడుతుంది, దాని వెనక దోరజామ, నిమ్మతొక్క. ఆ క్యాప్సికం వాసన ఊహ కాదు, రెండిట్లోనూ ఉండే రసాయనం ఒకటే. గోంగూర మాంసం పక్కన ఈ వైనే నిలబడింది. పుల్లటి కూర తిన్నాక పులుపు తక్కువున్న వైన్ ఏదైనా నోట్లో నీళ్ళలా చప్పబడుతుంది. షెనిన్ బ్లాంక్‌లో కాస్త తీపి మిగిల్చిన రకం బిరియానీ కారాన్ని సర్దుతుంది. అదే బిరియానీతో వగరెక్కువున్న కాబెర్నే రెడ్ తాగితే కారం, వగరు, ఆల్కహాల్ మూడూ కలిసి గొంతు మండిస్తాయి.

రెడ్‌లో నాకు నచ్చేది షిరాజ్. మిరియాల ఘాటు, నేరేడు, కొంచెం పొగ. మిరియాల వాసనకు కారణమైన రోటండోన్ అనే పదార్థమే షిరాజ్‌లో ఉందని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు పట్టుకున్నారు. ప్రతి అయిదుగురిలో ఒకరి ముక్కుకు అది తగలదు కూడా. మీకు మిరియాలు తెలియకపోతే మీ తప్పేం లేదు. మిరియాలు దట్టించిన వేపుడుతో దీన్ని కలిపి చూడండి. ఆవకాయతో మాత్రం ఏ వైనూ వద్దు, రెండూ చెడతాయి.

తలనొప్పి విషయంలో జనం మాట కొంత ఒప్పుకోక తప్పదు. "రెడ్ తాగితే తల పగులుతుంది, సల్ఫైట్లు కలుపుతారు" అంటారు. సల్ఫైట్లు మామూలుగా వైట్‌లోనే ఎక్కువ, ఎండు ఆప్రికాట్లలో ఇంకా ఎక్కువ. ఉబ్బసం ఉన్న కొందరికి అవి పడని మాట నిజమేగానీ, తలనొప్పి నేరం వాటిది కాదు. అయినా కొందరికి ఒకే గ్లాసు రెడ్‌తో తలనొప్పి రావడం నిజం. ద్రాక్ష తొక్కలోని క్వెర్సెటిన్ ఒంట్లో మార్పు చెంది, ఆల్కహాల్ విరుగుడుకు పనికొచ్చే ఎంజైమును అడ్డగిస్తోందని 2023లో కాలిఫోర్నియా డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రతిపాదించారు. మనుషుల మీద ఇంకా రుజువు కావాలి. నిజమే అయితే ఆరోగ్యానికని ఎక్కువ వెల పెట్టి కొంటున్న ఆ తొక్క సారమే తల పట్టిస్తోందన్నమాట.

మిగతావి చకచకా చెప్పేస్తాను. పాతబడేకొద్దీ మంచిదవుతుందన్న మాట మామూలు సీసాలకు వర్తించదు, మే నెల ఎండలో షోకేసులో మాగినది వైన్ కాదు, పాడైన సరుకు. స్క్రూ మూత చవకబారుతనం కాదు, న్యూజిలాండ్ వైన్ దాదాపు అంతా దానితోనే వస్తుంది. రెడ్‌ని గది వేడిలో తాగాలన్నది చలిదేశపు గదుల మాట. మన దేశపు వైన్ పనికిరాదనేవాళ్ళు హైదరాబాదుకు చెందిన చిగురుపాటి దంపతులు హంపి కొండల దగ్గర తీస్తున్న క్రస్మా రుచి చూసి మాట్లాడాలి. రెడ్ పండితులది, వైట్ తెలియనివాళ్ళది అనేవాళ్ళకు 2001 నాటి బోర్డో ప్రయోగం చాలు. వైట్ వైన్‌కి వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే వైన్ విద్యార్థులు 54 మంది దాన్ని రెడ్ వైన్ మాటలతోనే వర్ణించారు.

తాగే అలవాటున్నవాళ్ళకు నాలుగు మాటలు. కొనేటప్పుడు సీసా మీద సంవత్సరం చూడండి. మామూలు వైట్ అయితే రెండేళ్ళలోపు, రెడ్ అయితే మూడు నాలుగేళ్ళలోపుది తీసుకోండి. ఈ వయసు లెక్కకు ఒకటి గుర్తుంచుకోండి, మన దగ్గర ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి వరకు. షాపులో ఎండ తగిలే అద్దం పక్కన నిలబెట్టినది వద్దు. వైట్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి పోయండి, రెడ్‌ని పోసే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తెరిచిన సీసాని మూత బిగించి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో ముగించండి, మిగిలితే పారబోయడానికి మొహమాటపడకండి. గ్లాసులో మూడోవంతే పోసి ముందు వాసన చూడండి. నచ్చకపోతే అక్కడితో ఆపండి. రుచి తప్ప దాన్ని తాగడానికి వేరే కారణం లేదు.

తాగే అలవాటు లేనివాళ్ళు గుండె పేరు చెప్పి మొదలుపెట్టకండి. ఇప్పటికే మొదలుపెట్టినవాళ్ళు ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టరు అడగకపోయినా రోజూ ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నాళ్ళుగా తాగుతున్నారో, పక్కన ఏ మాత్రలు వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. ఎక్కువ మోతాదుకు అలవాటుపడితే ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే, కాబట్టి ఎలా తగ్గించాలో కూడా ఆయన్నే అడగండి.