వాళ్ళకూ ఒక చోటు కావాలి



చంపాపేట్ బజారులో, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల ముందు హిజ్రాలను మనం చూస్తూనే ఉంటాం. చప్పట్లు కొడుతూ వస్తారు. కొత్త దుకాణం తెరిస్తే దీవిస్తారు. పదో ఇరవయ్యో తీసుకుని పోతారు. ఈ మధ్య ట్రాన్స్‌జెండర్ అనే మాట కూడా వింటున్నాం.

మరి వాళ్ళకు జ్వరం వస్తే ఎక్కడికి పోతారు? ఇంట్లోంచి వెళ్ళగొడితే ఎవరి తలుపు తడతారు? వాళ్ళ కోసం కేంద్రాలు పెట్టి నడిపేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళు చేసే పని ఏమిటో తెలుసుకుందాం.

ఇది జబ్బు కాదు

మగబిడ్డ పుట్టాడని ఇంట్లోవాళ్ళు సంబరపడతారు. కానీ పెరిగేకొద్దీ ఆ బిడ్డ మనసు 'నేను ఆడపిల్లను' అంటుంది. కొందరు ఆడపిల్లలకు 'నేను మగవాణ్ణి' అనిపిస్తుంది. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు కూడా ఉంటారు.

ఇది ఎవరో నేర్పితే వచ్చేది కాదు. కొడితే పోయేది కాదు. మంత్రం వేస్తే మారేది కాదు. మగవాళ్ళు మగవాళ్ళను, ఆడవాళ్ళు ఆడవాళ్ళను ప్రేమించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల పట్టీ నుంచి తీసేసింది. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక జబ్బు కాదని 2019లో ఒప్పుకుంది.

చట్టం కూడా మారింది

నిజాం కాలంలో, 1919లో, మన దగ్గర ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టరులో రాసుకునేవాళ్ళు. చీర కట్టుకుని బజారులో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలులో పెట్టవచ్చు. అంటే దొంగతనం చేయకపోయినా వాళ్ళు దొంగలతో సమానమే.

నిజాం పోయాడు. ఆ చట్టం మాత్రం పోలేదు. వైజయంతి వసంత మొగ్లి గారు, మరికొందరు కలిసి హైకోర్టుకు వెళ్ళారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది.

అంతకు ముందే, 2014లో, ట్రాన్స్‌జెండర్లకు అందరితోపాటు హక్కులున్నాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వయసు వచ్చిన ఇద్దరు, మగవాళ్ళైనా ఆడవాళ్ళైనా, ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని 2018 సెప్టెంబరు 6న చెప్పింది.

ఆసుపత్రిలో రెండు లైన్లు

తీర్పులు వచ్చినంత మాత్రాన బతుకు మారదు. ఆసుపత్రికి పోతే చీటీ కోసం రెండు లైన్లు ఉంటాయి. ఒకటి మగవాళ్ళది. ఒకటి ఆడవాళ్ళది. ట్రాన్స్‌జెండర్ ఏ లైన్లో నిలబడాలి? ఇక్కడ నిలబడితే వీళ్ళు నవ్వుతారు. అక్కడ నిలబడితే వాళ్ళు తిడతారు. కార్డు మీద ఒక పేరు, నోటితో చెప్పే పేరు ఇంకొకటి. నలుగురిలో పాత పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. ఆ సిగ్గుకు చాలామంది ఆసుపత్రికే పోరు.

పోకపోతే ఏమవుతుంది? జబ్బు ముదురుతుంది. ఆడ రూపం రావాలని కొందరు డాక్టరును అడగకుండా హార్మోను బిళ్ళలు కొని మింగుతారు. ఎన్ని మింగాలో తెలియదు. దానివల్ల నెత్తురు గడ్డకట్టవచ్చు. కాలేయం పాడుకావచ్చు. ప్రాణానికే ముప్పు.

నారాయణగూడలో ఒక క్లినిక్

చంపాపేట్ నుంచి సైదాబాద్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి దాటితే నారాయణగూడ వస్తుంది. అక్కడ 2021 జనవరిలో 'మిత్ర్' అనే క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ల కోసమే పెట్టిన ఇలాంటి క్లినిక్ దేశంలో అదే మొదటిది. పనిచేసేవాళ్ళలో చాలామంది ట్రాన్స్‌జెండర్లే. రచన ముద్రబోయిన గారు దాన్ని నడిపినవారిలో ఒకరు. డాక్టర్ ప్రాచీ రాథోడ్ గారు అక్కడ రోగులను చూశారు. ఆమె ఆదిలాబాద్ రిమ్స్‌లో డాక్టరీ చదివారు. 2022లో ఆమె, డాక్టర్ రూత్ జాన్‌పాల్ గారు ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరారు. ఇద్దరూ ట్రాన్స్‌జెండర్లే.

అక్కడ హార్మోను మందులు డాక్టరు చూసి రాస్తారు. హెచ్.ఐ.వి. పరీక్ష చేస్తారు. దిగులుతో ఉన్నవాళ్ళకు ధైర్యం చెబుతారు. చట్టం గురించి సలహా ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మనిషిని ఆ మనిషి చెప్పిన పేరుతోనే పిలుస్తారు.

మనం వేలిముద్ర వేసిన రోజులు మనకు గుర్తే. అర్జీ రాయించుకోవడానికి ఎవరి దగ్గరికి పోయినా విసుక్కునేవాళ్ళు. పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా రాసిపెట్టినవాళ్ళను మాత్రం మనం మరచిపోలేదు. ఈ కేంద్రాలు నడిపేవాళ్ళు చేసేది కూడా అలాంటి పనే.

డబ్బు ఆగినప్పుడు

ఆ క్లినిక్‌కు డబ్బు అమెరికా ప్రభుత్వం నుంచి వచ్చేది. 2025 జనవరిలో అమెరికా ఆ సాయం ఆపేసింది. క్లినిక్ మూతపడింది. మందులు వాడుతున్నవాళ్ళు దిక్కుతోచక నిలబడ్డారు. నడిపేవాళ్ళు మాత్రం వదిలిపెట్టలేదు. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో 'సబ్‌రంగ్' అనే పేరుతో మళ్ళీ తెరిచారు. సబ్‌రంగ్ అంటే అన్ని రంగులూ అని అర్థం.

కేంద్రం నడపడం అంటే తలుపు తెరిచి కూర్చోవడం కాదు. అద్దె కట్టాలి. మందులు తేవాలి. పోలీసులతో మాట్లాడాలి. బిడ్డను వెళ్ళగొట్టిన తల్లిదండ్రులకు నచ్చజెప్పాలి. ఇది చేసేవాళ్ళలో చాలామంది తామూ ఆ అవమానాలు పడినవాళ్ళే. తాము పడిన కష్టం ఇంకొకరు పడకూడదని చేస్తున్నారు. వాళ్ళను మెచ్చుకోవడం మన ధర్మం.

మనమేం చేయగలం? లైన్లో మన పక్కన నిలబడితే నవ్వకుండా చోటివ్వగలం. గది అద్దెకు అడిగితే మనిషిని చూసి ఇవ్వగలం. మన ఇంట్లో బిడ్డ అలా ఉంటే తలుపు మూయకుండా ఉండగలం.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. 1919 నాటి చట్టం ఎందుకు అన్యాయమైనది?
2. ట్రాన్స్‌జెండర్లు ఆసుపత్రికి పోవడానికి ఎందుకు జంకుతారు?
3. డాక్టరును అడగకుండా హార్మోను బిళ్ళలు మింగితే ఏమవుతుంది?
4. మన బస్తీలో ఇలాంటివాళ్ళు ఉంటే మనం ఎలా మెలగాలి?