విల్లో రెమ్మల ఆకాశదీపం

కార్తీకం రాగానే మన ఊళ్ళలో శివాలయం ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎక్కుతుంది. చిల్లులున్న ఇత్తడి పాత్రలో నూనె పోసి, వత్తి వెలిగించి, తాడుతో పైకి లాగుతారు. దీపావళి మర్నాటి నుంచి అమావాస్య దాకా రోజూ సాయంత్రం ఇదే వరస. పితృదేవతలకు దారి చూపడానికని పెద్దలు చెప్పేవారు.

అమెరికాలో కార్తీకం సరిగ్గా చీకటి ముదిరే రోజుల్లో వస్తుంది. 2007 నుంచి ఎక్కువ రాష్ట్రాల్లో నవంబరు మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతున్నారు. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే పొద్దు గుంకిపోతుంది. పెరట్లో ఒక దీపం ఎత్తుకోవాలని ఎవరికైనా అనిపించే కాలమే. ధ్వజస్తంభం లేకపోయినా మేపుల్ కొమ్మ ఉంది. ఇత్తడి పాత్ర దొరక్కపోయినా విల్లో రెమ్మలు, పల్చటి కాగితం ఉన్నాయి.

విల్లో రెమ్మ వంచితే విరగదు. మన మేదరులకు వెదురు ఎలాగో, ఇక్కడి బుట్టలల్లేవారికి విల్లో అలాగ. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ పక్కనున్న లివర్‌పూల్ గ్రామంలో 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చినవారు విల్లో బుట్టలల్లి బతికారు. ఇంగ్లండులో అల్వర్‌స్టన్ అనే ఊళ్ళో 1983లో విల్లో, టిష్యూ కాగితాల లాంతర్ల ఊరేగింపు మొదలైంది. 2010 నుంచి అట్లాంటాలో బెల్ట్‌లైన్ బాట మీద లాంతర్ల ఊరేగింపు తీశారు. అంటే ఈ పని మనకీ వాళ్ళకీ కూడా కొత్తది కాదు.

ఇక చేసే పద్ధతి. ఆకులు రాలాక కోసిన పచ్చి రెమ్మలైతే నానబెట్టక్కర్లేదు. ఎండినవి కొంటే, పైన బెరడు ఉన్నవాటిని రోజుల తరబడి నీళ్ళలో ఉంచాలి. బెరడు తీసినవాటికి రెండు మూడు గంటలు చాలు. పార్కుల్లో కొమ్మలు కోయడానికి సాధారణంగా అనుమతి ఉండదు. మీ పెరట్లోవో, అడిగి తెచ్చుకున్నవో వాడండి.

పెన్సిలు కన్నా సన్నని రెమ్మలు పన్నెండు అంగుళాలవి నాలుగు, ఇరవై అంగుళాలవి నాలుగు కావాలి. పొట్టివాటితో చదరం కట్టండి. దాని మూలల నుంచి పొడుగువాటిని లేపి, పైన గోపురంలా ఒకచోట కలపండి. ముడులకు మాస్కింగ్ టేపు చాలు. తడి మీద టేపు అంటదు కనుక ముందు రెమ్మను గుడ్డతో తుడవాలి. చదరానికి అడ్డంగా మరో రెండు రెమ్మలు దగ్గరదగ్గరగా కడితే దీపానికి పీట అవుతుంది.

కానుకలు చుట్టే మామూలు టిష్యూ జిగురు తగలగానే పిప్పి అవుతుంది. తడికి చిరగని రకం అడిగి తెచ్చుకోండి. పిల్లలు బడిలో వాడే తెల్ల జిగురులో సగానికి సగం నీళ్ళు కలిపి, బల్ల మీద ప్లాస్టిక్ పరచి, స్పాంజితో కాగితానికి రెండు వైపులా పట్టించండి. ఒక్కొక్క ముఖానికే కప్పి, అంచులు రెమ్మ చుట్టూ మడవండి. ముడతలు చూసి కంగారు పడకండి. రాత్రంతా ఆరితే కాగితం బిగుసుకుని డప్పులా మోగుతుంది. అడుగు భాగం తెరిచే ఉంచండి, దీపం పెట్టేది అక్కణ్ణుంచే. పైన వార్నిష్ పూస్తే మంచుకు కొంత తట్టుకుంటుంది గాని, వాన వస్తే లోపలికి తెచ్చేయడమే మేలు.

అసలు చిక్కు దీపం దగ్గరే ఉంది. బ్యాటరీ బుడ్డి పెడితే అది దీపమెలా అవుతుందని అడిగేవారున్నారు. ఇత్తడి కాలదు, కాగితం కాలుతుంది. ఇక్కడి ఇళ్ళు చాలామటుకు చెక్క చట్రం మీద కట్టినవి. పైగా వాకిట్లో ఎండుటాకులు గుట్టలుగా ఉండే రోజులవి. గాలికి ఊగే కాగితంలో నిప్పు పెట్టడం భక్తి అనిపించుకోదు. నూనె దీపం తులసికోట దగ్గర పళ్ళెంలో వెలిగించండి, చెట్టుకు ఎక్కేదానిలో ఎల్.ఇ.డి. పెట్టండి. నిప్పే కావాలంటే లోహపు పాత్ర వాడండి. గాలిలోకి వదిలే నిప్పు లాంతర్లు మాత్రం వద్దు, వాటిని చాలా రాష్ట్రాల్లో నిషేధించారు.

ఎల్.ఇ.డి.లోనూ ఒక జాగ్రత్త ఉంది. గుండీలాంటి బ్యాటరీని పసివాళ్ళు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలడం మొదలవుతుంది. ఇందుకే 2022లో రీస్ చట్టం వచ్చింది. బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్నదే కొనండి.

కొమ్మ మీదుగా తాడు వేసి, లాంతరు అడుక్కి మరో తాడు కట్టి దించితే గాలికి గిరగిర తిరగదు. రోజూ తాడు లాగే పని పిల్లలకు అప్పగించండి. రెమ్మ, ముడి, జిగురు, వత్తి వంటి మాటలు వాళ్ళు పుస్తకంలో నేర్చుకునేవి కావు, చేతులతో నేర్చుకునేవి. ఇది ఎవరికోసమని వాళ్ళు అడుగుతారు. అప్పుడు తాతమ్మల పేర్లు, ముత్తాతల పేర్లు చెప్పండి. మనం చెప్పకపోతే ఈ దేశంలో వాళ్ళకు ఆ పేర్లు చెప్పేవారు ఇంకెవరూ లేరు.