పోతే తిరిగిరానివే ముందు

సాఫ్ట్‌వేర్ పని కోసం వరంగల్ కుర్రాళ్లందరూ ఊరు విడవాల్సిన రోజులు కావివి. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన నిట్ ఇక్కడే ఉంది. 2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరుచుకున్నాయి. ఇక సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే వాళ్ల సంగతి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలను కొత్తవాడ మగ్గాల నుంచి నేరుగా దేశమంతటికీ అమ్మే వెబ్‌సైటు పెట్టాలని ఇద్దరు ముగ్గురు మిత్రులు అనుకున్నారనుకుందాం. ఏ ప్రోగ్రామింగ్ భాష, ఏ క్లౌడ్ అన్న దగ్గరే తొలి చర్చలన్నీ గడిచిపోతాయి. అవి ఆ తర్వాత మాట్లాడుకున్నా నష్టం లేదని నా అభిప్రాయం. భాష నచ్చకపోతే మార్చుకోవచ్చు, సర్వరు చాలకపోతే పెద్దది అద్దెకు తీసుకోవచ్చు. సైటు పేరు, కొన్నవాళ్ల సమాచారం, ఖాతాల పాస్‌వర్డులు మాత్రం చేజారితే డబ్బు పోసినా తిరిగి రాకపోవచ్చు. చిన్న సంస్థ తొలి రూపాయి, తొలి శ్రద్ధ ఈ మూడింటి మీదే పెట్టాలి.

డొమైన్ పేరు కొన్నామంటాం గానీ అది గడువు తీరేలోపు రుసుము కట్టి పొడిగించుకోవాల్సిన హక్కు మాత్రమే. సైటు కట్టిచ్చే వ్యక్తి చాలాసార్లు తన సొంత ఖాతాలో, తన ఈమెయిల్‌తోనే పేరు నమోదు చేసేస్తాడు. ప్లాటుకు డబ్బు మనం కట్టి, రిజిస్ట్రేషన్ మేస్త్రీ పేరున చేయించినట్టే ఇది. అతను మంచివాడే కావచ్చు. కానీ వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి, ఆ పాత ఈమెయిల్ చూడటం మానేస్తే గడువు నోటీసులు చదివే దిక్కుండదు. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే పేరుకు రుసుము కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ ఆ పేరు మీదుగానే సాగేది కాబట్టి ఎందరో తమ ఈమెయిల్ తెరవలేకపోయారు. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామరు తన జేబులోంచి 35 డాలర్లు కట్టాక పరిస్థితి చక్కబడింది. అంతటి అదృష్టం అందరికీ పట్టదు. పైగా సంస్థ ఈమెయిల్ కూడా ఆ పేరు మీదే నడుస్తుంది. మరిచిపోయిన పాస్‌వర్డు మార్చుకునే లింకులు ఆ ఈమెయిల్‌కే వస్తాయి. అంటే పేరు ఎవరి చేతిలో ఉంటే మిగతా ఖాతాలన్నీ వాళ్ల చేతికి చిక్కినట్టే. అందుకే ఆ నమోదు సంస్థ పేరునే ఉండాలి, ఆ ఖాతా కనీసం ఇద్దరికి అందుబాటులో ఉండాలి, రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి.

సమాచారం విషయంలో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న జరిగింది ప్రతి కొత్త సంస్థా తెలుసుకోవాలి. పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఒక ఇంజినీరు, ఒక సర్వరు అనుకుని మరో సర్వరులో అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌కు ఒకటికి మించి ఏర్పాట్లున్నా, అవసరం పడ్డప్పుడు ఏదీ అనుకున్నట్టు పనిచేయలేదు. రోజువారీ బ్యాకప్ విఫలమవుతోందని హెచ్చరించే ఈమెయిళ్లు కూడా సరైన డిజిటల్ సంతకం లేక తిరస్కరణకు గురయ్యాయి. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలు ఒకటి దొరికింది కాబట్టి బయటపడ్డారు. తిరిగి తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబయిలో, 2022 నుంచి హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. సైటు ఒకచోట నడిపి, నకలు మరోచోట ఉంచడం ఇప్పుడు కష్టం కాదు. ఆ నకలు వేరే ఖాతాలో, వేరే పాస్‌వర్డుతో ఉండాలి. లేకపోతే ఒక్క పొరపాటు రెండింటినీ తుడిచేస్తుంది. నెలకోసారి దాన్ని ఖాళీ సర్వరులోకి ఎక్కించి, ఆర్డర్లన్నీ కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. డేటాబేస్‌లో యూనికోడ్ అమరిక సరిగా ఉందో లేదో మొదటి రోజే పరీక్షించాలి కూడా. తెలుగు పేర్లు ఒకసారి ప్రశ్నార్థకాలుగా నమోదైతే ఏ బ్యాకప్పూ వాటిని తిరిగివ్వలేదు.

రద్దీ ఒక్కసారిగా పెరిగితే సైటు కూలిపోతుంది కదా, మొదటినుంచే పెద్దగా కట్టాలి కదా అని కొందరంటారు. ప్రపంచమంతటి ప్రోగ్రామర్లు వాడే స్టాక్ ఓవర్‌ఫ్లో 2016లోనూ డజను లోపు వెబ్ సర్వర్లతోనే నడిచింది. దర్రీల దుకాణానికి ఒక మామూలు అద్దె సర్వరు, పోస్ట్‌గ్రెస్ లాంటి ఉచిత డేటాబేస్ చాలాకాలం సరిపోతాయి.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఉండగా సొంత సైటు దేనికన్న ప్రశ్న ఇంతకంటే బలమైనది. మొదటి కొనుగోలుదారులు అక్కడే దొరుకుతారు, నిజమే. కానీ 2021 అక్టోబరు 4న ఆ రెండూ ఫేస్‌బుక్‌తో సహా ఆరు గంటలపాటు ఆగిపోయాయి. అప్పుడు వాటి మీదే ఆధారపడ్డ వ్యాపారులకు తమ కొనుగోలుదారులను అక్కడ పలకరించే దారి లేకపోయింది. అక్కడ అమ్మండి, తప్పులేదు. ఎవరు ఏం కొన్నారో, వాళ్లను ఎలా చేరాలో ఆ లెక్క మాత్రం మీ దగ్గరే ఉండాలి.

ఇంత చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారులే అనే ధైర్యమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. బలహీనమైన సైట్లను వెతికేవి మనిషి కళ్లు కావు, పగలూ రాత్రీ తిరిగే ప్రోగ్రాములు. వాటికి కొత్తవాడైనా కాలిఫోర్నియా అయినా ఒకటే. సైటుకూ చూసేవారికీ మధ్య సమాచారం ఎవరికీ చిక్కకుండా కాపాడే సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2022 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వ్యాపారులు కార్డు వివరాలు దాచుకోకూడదు కాబట్టి చెల్లింపుల పని గేట్‌వే సంస్థకే వదిలేయాలి. వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన చట్టం, రక్షణ ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటోంది. చట్టం కంటే ముందు, తన ఇంటి చిరునామా నమ్మి ఇచ్చిన మనిషి ఉన్నాడు. దర్రీ ఇంటికి చేరాలంటే పేరు, చిరునామా, ఫోన్ నంబరు కావాలి. పుట్టినతేదీ, ఆధార్ నంబరు అడిగే గళ్లు ఆ ఫారంలో పెట్టనే కూడదు.